కంచంలోకి చూడని ఇల్లు

ఎడిసన్, న్యూజెర్సీ
జనవరి చివరి సోమవారం

సలోమక్కకు,

ఎదుటివాడి కంచంలోకి చూడకుండా నువ్వు అన్నం తిన్నది ఎప్పుడు? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. వందనాలైనా చెప్పకుండా మొదలుపెట్టాడేంటి వీడు అనుకుంటావు. సరే, వందనాలు. ఇప్పుడు జవాబు చెప్పు. మనింట్లో నాన్న మన కంచాల్లోకి చూసేవాడు, అమ్మ నాన్న కంచంలోకి చూసేది, సువార్త కూటాలకొచ్చిన పెద్దలు ఒకళ్ళ విస్తట్లోకి ఒకళ్ళు చూసుకునేవారు. ఇక్కడ మన తెలుగు ఫెలోషిప్ వాళ్ళు తలా ఒక గిన్నె తెచ్చే పాట్‌లక్‌లో అయితే నోళ్ళకంటే ముందు చూపులే భోంచేస్తాయి. వీడికి రెండు లెగ్ పీసులేంటి, ఆవిడ బిర్యానీ ముట్టలేదేంటి, డైటా, పొగరా! పండు తిన్నాక ఆదాముకీ హవ్వకీ పుట్టిన సిగ్గు ఇంకా ఎక్కడికీ పోలేదక్కా. మన భోజనాల బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది.

అందుకే ఈ ఇల్లు పెట్టాను. నేను ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కలేదని నీకు తెలుసు. పగలు వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను, ఖాళీ దొరికితే లైబ్రరీలో కూర్చుంటాను. అక్కడ దొరికాడు నాకు పకోమియసు. ఐగుప్తువాడు, పదిహేడు వందల ఏళ్ళ కిందటివాడు. బలవంతాన సైన్యానికి పట్టుకుపోతే, కాపలా మధ్య ఆకలితో పడి ఉన్న ఆ కుర్రాళ్ళకి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు భోజనం తెచ్చిపెట్టారు. ఎవరు వీళ్ళు అని అడిగాడు. క్రైస్తవులు అన్నారు. అంతే, ఆ ముద్ద మింగినవాడు మళ్ళీ వెనక్కి చూడలేదు. సైన్యం వదిలాక బాప్తిస్మం పొంది, కొన్నాళ్ళకు నైలు ఒడ్డున మఠం కట్టాడు. అంతకుముందు ఎడారి సన్యాసులు చాలామంది ఎవరి గుహలో వాళ్ళు ఉండేవాళ్ళు. ఈయన అందర్నీ ఒక గోడ లోపలికి తెచ్చి, ఒకే బల్ల, ఒకే పని, ఒకే ప్రార్థన అన్నాడు. చాపలు అల్లుతూ వాక్యం వల్లించేవాళ్ళు. తినేటప్పుడు తలమీది ముసుగు ముందుకు లాక్కునేవాళ్ళు. ఎవడెంత తిన్నాడో పక్కవాడికి తెలియదు. ఎక్కువ తిన్నవాడికి సిగ్గు లేదు, తక్కువ తిన్నవాడికి గర్వం లేదు!

మేం హుడీలు వేసుకుంటున్నాం. నవ్వకు. సేల్‌లో దొరికిన బూడిదరంగు హుడీలు. చాపలు ఇక్కడ ఎవడు కొంటాడు, అందుకని ఓక్ ట్రీ రోడ్‌లో ఒక మిఠాయి కొట్టుకి అట్టపెట్టెలు మడిచి ఇస్తున్నాం, కీర్తనలు చదువుకుంటూ. ఇంట్లో చేరినవాడు వేసుకొచ్చిన బట్టలు క్లోజెట్‌లో దాస్తాం. పోతానంటే అవే ఇచ్చి పంపుతాం. బట్టలు దాచడం కూడా వాళ్ళ పద్ధతే. ఫోన్లు గుమ్మం దగ్గర రేకు డబ్బాలో. అందుకే నీకు ఉత్తరం. వంటకి శ్యామ్‌సుందర్ ఉన్నాడు, వరంగల్ మనిషి, ఇదివరకు రెస్టారెంట్‌లో వండేవాడు. గుమ్మం దగ్గర వినీత్, ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇంకా కొందరు ఐటీ కన్సల్టెంట్లు.

ఇక అసలు సంగతి. కన్వెన్షన్‌కని వారం రోజులకి వచ్చిన మీ ఆయన వెనక్కి రానంటున్నారు. నేను ఆపలేదు, ప్రభువు సాక్షి. మొదటిరోజు హుడీ ముందుకు లాక్కుని తిని లేచి, "ఒరేయ్ బావమరిదీ, రిటైరయ్యాక నేను చేసిన మొదటి భోజనం ఇదేరా" అన్నారు. దాని అర్థమేమిటో నీకే తెలియాలి.

నీ తమ్ముడు
బర్నబాసు


నేపర్‌విల్, ఇల్లినాయ్
ఫిబ్రవరి మొదటి శుక్రవారం

బర్నబాసూ,

నీ ప్రశ్నకి జవాబు: ఎప్పుడూ లేదు. నేను నర్సుని. కంచంలోకి చూడటం నా ఉద్యోగం. వార్డులో ట్రే చూసి పేషెంటు ఎంత తిన్నాడో రాస్తాను, ఇంటికొచ్చి మీ బావ కంచం చూస్తాను. నేను చూశాను కాబట్టే నీ హుడీలో దూర్చడానికి ఆ మనిషికి ఇంకా తల అంటూ ఒకటి ఉంది.

షుగర్ సంగతి నీకు చెప్పాడా? చెప్పి ఉండడు. పెళ్ళిళ్ళలో గులాబ్‌జామ్ పెట్టేవాడికి కూడా చెప్పడు. విను. భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. సూది పడ్డాక పావుగంటలో కంచం ముందుండాలి. లేకపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, తర్వాత మనిషి ఒరిగిపోతాడు. జ్యూసో చక్కెరో చేతికందేలా ఉంచు. విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టాను. ఇది ప్రసంగం కాదు, ఆర్డర్.

మొదటి భోజనమట! ఇన్నాళ్ళూ ఈయనకి నేను పెట్టింది గడ్డా? కొలిచి పెట్టాను, నిజమే. కొలవకపోతే ఏమవుతుందో నేను రోజూ వార్డులో చూస్తున్నాను. పాదం తీసేయించుకున్నవాళ్ళని చూస్తున్నాను. ఆదివారం తార యూనివర్సిటీ నుంచి ఇంటికొస్తే సంగతి చెప్పాను. "మామ్, డాడ్ మంక్ అయ్యిందా? కూల్. బట్ వై న్యూజెర్సీ?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక్కటి అడుగుతాను. నీ పకోమియసుకి భోజనం తెచ్చినవాళ్ళు ముసుగు వేసుకుని తెచ్చారా? వాళ్ళు కళ్ళు తెరిచి చూశారు. ఆకలితో ఉన్నాడని చూశారు కాబట్టి పెట్టారు. నీ మఠం పుట్టిందే చూపులోంచి. దీనికి జవాబు రాయి, తర్వాత నా మొగుణ్ని పంపు.

సలోమి


ఎడిసన్
ఫిబ్రవరి, శ్రమదినాల మొదటి వారం

అక్కా,

మొగుణ్ని పంపు అంటావు, ఆయనేమైనా పార్సిలా? నా చేతిలో స్టాంపులున్నాయి కానీ ఆయన మీద అతికించలేను. నీ కాగితం బావగారి చేతికిచ్చాను. "మీ అక్క చార్టు ఇక్కడికీ వచ్చిందీ!" అని నవ్వి జేబులో పెట్టుకున్నారు. సూది మాత్రం వేళ తప్పడం లేదు. నేనే కళ్ళారా చూస్తున్నాను. నిశ్చింతగా ఉండు.

అక్కా, ఇంట్లో పరిశుద్ధాత్మ అగ్ని పడింది! బూడిద బుధవారం నాడు ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలైన దగ్గర్నుంచి ఒక్కొక్కరు సాయంత్రం తిండి మానేస్తున్నారు. నేను చెప్పలేదు, ఎవరికి వాళ్ళే. రెండోరోజే శ్యామ్‌సుందర్ వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, సాయంత్రం వండింది వండినట్టే పారబోస్తున్న. ఎవరి కోసం వండాలె?"

"మరి ఏం చేద్దామంటావు?"

"పొయ్యి బంద్ చేస్తే ఆ టైముల పెట్టెలు మడుస్త. పని దేవునికి పోతది, పప్పు చెత్తబుట్టకి పోదు."

నా ఒళ్ళు పులకరించింది. వంటవాడి నోట ఆ మాట ఎంతమంది బోధకులు విన్నారు చెప్పు! సాయంత్రం పొయ్యి ఆపేశాం. మూడు రోజుల్లోనే హాల్లో ఒక గోడంతా పెట్టెలే, యెరికో ప్రాకారంలాగా. బావగారు మాత్రం "మరి ఆకలేసినవాడు?" అన్నారు. "ఆకలేసినవాడు చెయ్యెత్తొచ్చు బావగారూ, ఈ ఇంట్లో బలవంతం లేదు" అన్నాను. అందరి వైపూ తిరిగి అడిగాను కూడా. ఒక్క చెయ్యి లేవలేదు. హుడీల్లో తలలన్నీ వంగే ఉన్నాయి.

సాతాను ఊరుకుంటాడా? మడిచిన పెట్టెల మధ్య బిస్కెట్ పొడి కనపడింది. ఎవరో చాటుగా తింటున్నారు. ఆ ఉదయం ఆకాను మీద వాక్యం చెప్పాను. యెరికో సొమ్ము తన గుడారంలో పాతిపెట్టి ఇశ్రాయేలు సైన్యం మొత్తాన్ని ఓడించినవాడు! నీ గుడారం కింద ఏముంది, తవ్వి తియ్యి అని గొంతు బొంగురుపోయేదాకా అడిగాను. మర్నాడు బల్ల మీద సగం ఖాళీ అయిన బిస్కెట్ ప్యాకెట్ ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. కంచంలోకి చూడని ఇల్లు కదా ఇది.

నువ్వొస్తానని ఇక్కడున్న నీ స్నేహితురాలు ఉషగారితో అన్నావట. పకోమియసు సొంత తోబుట్టువు చూడవస్తే ద్వారపాలకుడితో కబురు చెప్పించాడు తప్ప తాను బయటికి రాలేదు. నువ్వొచ్చినా వినీతే గుమ్మంలోకి వస్తాడు. కోపగించుకోకు. బావగారు రెండు ముక్కలు రాస్తారట, కింద జాగా వదిలాను.

బర్నబాసు

సలోమీ, నేను బాగున్నాను. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇక్కడ ఎవరూ చూడరు. తారని అడిగానని చెప్పు. - రామమోహన్


నేపర్‌విల్
ఫిబ్రవరి, మంగళవారం. ఓవర్‌నైట్ మెయిల్లో పంపుతున్నాను

ఒరేయ్ బర్నబాసూ,

ఆ బిస్కెట్లు నేను పెట్టినవిరా. సూట్‌కేసులో బనియన్ల కింద, ఆయనకి కళ్ళు తిరిగితే నోట్లో వేసుకుంటాడని పెట్టాను. అది ఆకాను సొమ్ము కాదు, మందు. నువ్వు వాక్యం చెప్పి మందు లాక్కున్నావు.

ఆయన రాసిన నాలుగు మాటలు చూశావా, లేక దానికీ హుడీ అడ్డమొచ్చిందా? ఆ మనిషి ముప్పై ఏళ్ళు డ్రాఫ్ట్‌స్‌మన్. స్కేలు లేకుండా గీత గీస్తాడు. ఇప్పుడు లైన్లు కిందికి జారుతున్నాయి, తార పేరులో తలకట్టూ దీర్ఘమూ వణుకుతున్నాయి. షుగర్ పడిపోతున్నప్పుడు చేతులు ఎలా రాస్తాయో నాకు తెలుసు.

నీకు ఫోన్ చేశాను, ఆయనకి చేశాను. రెండూ ఏ డబ్బాలో మోగి మోగి చచ్చాయో. ఉషని పరిగెత్తించాను. పాపం, హిందువుల పిల్ల, మీ పట్టింపులేవీ తెలియవు, ఇంత పెద్ద ఆరెంజ్ జ్యూస్ సీసా పట్టుకుని వచ్చింది. మీ వినీత్ ఏమన్నాడో తెలుసా? "థాంక్యూ ఆంటీ, బట్ లెంట్ కదా ఆంటీ, జ్యూస్ లోపలికి అలౌ చేయట్లేదు. ఈస్టర్ దాకా గరాజ్‌లో పెడతాను ఆంటీ." ఉష కిటికీలోంచి తొంగి చూసింది. పెట్టెలు మడుస్తున్నాడట, చెయ్యి ఊపాడట. అందుకే పోలీసులకి ఫోన్ చెయ్యలేదు. శనివారం నేనే వస్తున్నాను. ద్వారపాలకుణ్ణి పంపితే వాణ్ణి పక్కకి తోసి లోపలికొస్తాను.

నీ పకోమియసు గురించి నేనూ చదివానులే. మా ఊరి లైబ్రరీలో అడిగి తెప్పించుకున్నాను. నువ్వు మఠం నియమాలున్న పుస్తకం చదివి మూసేశావు. ఆయన బతుకు కథలున్న పుస్తకం ముట్టలేదు. ముట్టి ఉంటే ఇది తెలిసేది. ఆయన ఊళ్ళో లేనప్పుడు ఒక మఠంలో వంటవాడు కూరలు వండటం మానేశాడు. చాలామంది సన్యాసులు ఎలాగూ వదిలేస్తున్నారు, వండటం దండగ అనుకున్నాడు. ఆ తీరికలో చాపలు అల్లి గుట్ట పేర్చాడు. మీ శ్యామ్‌సుందర్ లాగే! పకోమియసు తిరిగొచ్చి ఆ చాపలన్నీ తెప్పించి అందరి ఎదుటా తగలబెట్టించాడు. వండి ముందు పెడితేనే కదా, మానేవాడు ప్రేమతో మానుతాడు? పెట్టకపోతే అది ఉపవాసం కాదు, పస్తు. నీరసంగా ఉన్నవాళ్ళ గతి ఏమిటని కూడా అడిగాడు.

నువ్వు సగం పుస్తకం చదివి ఇల్లు కట్టావురా. ఈ కాగితం అందగానే పొయ్యి వెలిగించు.

సలోమి


ఎడిసన్
మార్చి రెండో ఆదివారం

అక్కా,

హాస్పిటల్ కారిడార్‌లో నన్ను గోడని చూసినట్టు చూసి వెళ్ళిపోయావు. అది నాకు తగినదే. కానీ ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పింది "బావ పడిపోయారు, బతికారు" అని మాత్రమే. మిగతాది నీకు తెలియాలి.

బుధవారం సాయంత్రం. అందరం హుడీలు లాక్కుని పెట్టెల ముందు కూర్చున్నాం. నేను కీర్తన చదువుతున్నాను. బావగారి చేతులు ఒక పెట్టె మీద ఆగిపోయాయి, తల వంగి ఉంది, కదలిక లేదు. నాకు ఎంత సంతోషమేసిందో తెలుసా? చదవడం ఆపి అందరికీ చూపించాను కూడా. "చూడండి మా బావగారిని, మోషే కొండెక్కినట్టున్నారు" అన్నాను. నోటికి ఎవరైనా తాళం వేస్తే బాగుండేది.

అప్పుడు శ్యామ్‌సుందర్, "అన్నా, పెట్టె తడుస్తాంది" అన్నాడు.

అట్ట మీద చుక్కలు పడుతున్నాయి. ముసుగు వెనక్కి లాగాను. ముఖమంతా చెమట, చూపు ఎక్కడో ఉంది. భుజం పట్టుకుని కుదిపితే పెదాలు కదిలాయి. ఏమన్నారో చెప్పనా? "తిన్నాను సలోమీ, తిన్నాను." నేనెవరో తెలియని స్థితిలో కూడా నీకే జవాబు చెబుతున్నారు.

చక్కెర కోసం పరిగెత్తాం. చక్కెర లేదు, శ్రమదినాలని ఎప్పుడో బయట పారేశాం. వినీత్ పిచ్చిపట్టినట్టు గోడవారనున్న మిఠాయి పెట్టెలు ఒక్కోటీ తెరుస్తున్నాడు, దేంట్లోనైనా ఏదైనా ఉంటుందేమోనని. మేమే మడిచిన పెట్టెలక్కా, ఏముంటుంది! ఇంటినిండా పెట్టెలు, చిటికెడు తీపి లేదు. "ఉషాంటీ జ్యూస్!" అని అరిచి వాడే గరాజ్‌లోకి ఉరికాడు. చల్లటి సీసా. అప్పటికింకా గుటక వేస్తున్నారు. కొంచెం కొంచెంగా తాగించాం. అంబులెన్స్ వచ్చేసరికి నా పేరు పెట్టి తిట్టారు. అంత మంచి తిట్టు నేను జన్మలో వినలేదు. గుమ్మం దగ్గర ఆపేసిన ఆ సీసా లేకపోతే ఈ ఉత్తరం ఎలా ఉండేదో రాయడానికి నాకు చేతులు రావు.

నీ ఓవర్‌నైట్ కవరు అప్పటికే మెయిల్‌బాక్స్‌లో ఉంది. హాస్పిటల్ కుర్చీలో కూర్చుని చదివాను. బావగారు నీ మాట ప్రకారం సూది వేసుకున్నారు, నా మాట ప్రకారం పస్తు ఉన్నారు. మనిద్దరికీ ఎదురుచెప్పలేక ఆ మనిషి చచ్చిపోబోయారు.

ఇంటికి రాగానే పెట్టెలన్నీ నేనే తొక్కి రీసైక్లింగ్ బిన్‌లో పడేశాను. పెరట్లో తగలబెడదామనుకున్నాను కానీ ఎడిసన్‌లో పొగ లేస్తే ఫైర్ ఇంజనొస్తుందని వినీత్ ఆపాడు. మిఠాయి కొట్టాయనకి కారణం చెబితే "పాగల్ హో క్యా" అన్నాడు. శ్యామ్‌సుందర్ ఏడ్చాడు. "నీదేం తప్పు లేదయ్యా, వండొద్దని ఊ కొట్టింది నేను" అన్నాను. అదే సాయంత్రం పొయ్యి వెలిగింది. పప్పు, వంకాయ కూర, పెరుగు. తినేవాడు తింటాడు, మానేవాడు మానతాడు, గిన్నెలు మాత్రం బల్ల మీద ఉంటాయి.

కానీ బావగారు నీతో రాననేసి మళ్ళీ ఈ ఇంటికే వచ్చారు కదా. ఆయన బాధ్యత నా మీద ఉంది. నేను ముసుగు తీసేసి ఎదురుగా నిలబడి చూస్తున్నాను. ఇంకో ముద్ద బావగారూ, అంతేనా బావగారూ, అన్నం వదిలేశారేం బావగారూ. మూడోరోజు కంచం తీసుకుని గరాజ్ మెట్ల మీదికి పోయారు. నేను వెనకే వెళ్ళాను. "ఒరేయ్, మీ అక్కే నయంరా, ఆవిడకి డ్యూటీ టైములో అయినా బయటికి పోవాల్సి ఉంటుంది" అన్నారు. కంచం అలాగే పెట్టి లేచిపోయారు.

చూడకపోతే చావు దాకా వెళ్ళారు. చూస్తే గొంతు దిగడం లేదు. పద్దెనిమిదేళ్ళుగా వాక్యం చెబుతున్నాను, దీనికి నా దగ్గర వాక్యం లేదు. నువ్వు చెప్పు.

బర్నబాసు


నేపర్‌విల్
మార్చి చివర

తమ్ముడూ,

నీ ఉత్తరం కిచెన్‌లో నిలబడి చదివాను. "తిన్నాను సలోమీ" దగ్గర ఆగిపోయాను. మిగతాది రెండు రోజుల తర్వాత చదివాను.

హాస్పిటల్లో ఆయన నాతో ఏమన్నాడో నీకు చెప్పలేదు. బట్టలు సర్దుతుంటే చెయ్యి పట్టుకుని, "ఇంట్లో నేను మొగుణ్ని కాదు సలోమీ, పేషెంటుని. నీ షిఫ్టు ఎప్పుడూ అయిపోదు" అన్నాడు. అందుకే నీతో మాట్లాడకుండా వెళ్ళిపోయాను. నీ మీద కోపం కొంతే. మిగతాది ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన రిటైరైన నెలలోనే కిచెన్ స్కేలు కొన్నాను. అన్నం తూచేదాన్ని. తూచిన అన్నం ఎదుట కూర్చుని ఆయన తినేదాకా కదిలేదాన్ని కాదు. ప్రేమే అనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. మొన్న తారతో మొత్తం చెప్పుకుని ఏడిస్తే అది నా వీపు నిమిరి, "మామ్, నువ్వు డాడ్‌ని నంబర్స్ ఓన్లీ అడుగుతుంది. హౌ ఆర్ యూ అని అడగదు" అంది. తెలుగు సరిగ్గా రాని పిల్ల. నాకు బాగా అర్థమైంది.

దాని హుడీ ఒకటి ఇమ్మని వేసుకుని ఆ పూట భోజనానికి కూర్చున్నాను. ముసుగు ముందుకు లాక్కున్నాను. తార పగలబడి నవ్వింది, తర్వాత అదీ లాక్కుంది. బర్నబాసూ, నా కంచం తప్ప ఏదీ కనపడలేదు. అందులో ఏముందో చూశాను. మొన్నటి అన్నం, అడుగంటిన కూర. ఇన్నాళ్ళూ అందరి కంచాలూ చూసి నాది చూసుకోలేదు. నా చేత్తో నాకు అదే వడ్డించుకుంటున్నాను.

నీకు వాక్యం కావాలన్నావుగా. చనిపోయిన యాయీరు కూతుర్ని ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడు. లేపాక ఏమన్నాడు? పిల్లకి తినడానికేమైనా పెట్టండి అన్నాడు. ఎంత తిందో వచ్చి నాకు చెప్పండి అనలేదు. ఇది నీ కోసం వెతికాను, తగిలింది నాకు.

మా డాక్టరుతో మాట్లాడాను. చేతికి అంటించుకునే సెన్సార్ ఒకటి ఉంటుంది, షుగర్ పడిపోతుంటే ఫోన్‌లో మోగుతుంది. మోగితే పరిగెత్తుతాను. మోగకపోతే నా కంచం నేను చూసుకుంటాను. చేయగలనా? తెలియదు. ఆయనకి ఇదేదీ చెప్పకు. నా మీద నాకే ఇంకా నమ్మకం లేదు.

వంకాయ కూరలో కారం తగ్గించమని శ్యామ్‌సుందర్‌కి చెప్పు.

అక్క


ఎడిసన్
ఏప్రిల్, శనివారం ఉదయం

అక్కా,

ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా?

బావగారికి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. నీ ఉత్తరం బల్ల మీద పెట్టి స్నానానికి పోయాను. ఆ రోజు స్నానం చాలాసేపు చేశాను. వచ్చేసరికి ఉత్తరం మడిచినట్టే ఉంది, బావగారి కళ్ళజోడు మాత్రం దాని మీదుంది. సాయంత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. నేను చూడలేదు, గరిటె చప్పుడు విన్నాను.

నిన్న క్లోజెట్ దగ్గర నిలబడి, "నా చొక్కా ఇవ్వరా" అన్నారు. వచ్చినరోజు వేసుకొచ్చిన నీలం గళ్ళ చొక్కా. ఈ ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. వినీత్ తీసిచ్చాడు. వదులైపోయింది. శ్యామ్‌సుందర్ చూసి, "బావా, రెండు నెలలు నా చేతి వంట రెండు పూటలా తిని ఉంటే ఈ చొక్కా పట్టకపోవు" అన్నాడు. అందరం నవ్వాం, వాడు తప్ప.

"మీ అక్క తన మీద తనకే నమ్మకం లేదందిగా. నాకూ లేదురా. పోయి చూస్తా" అన్నారు. హుడీ మాత్రం తిరిగివ్వనన్నారు. దానికి నియమం లేదు, అయినా ఇచ్చేశాను.

మా ఇల్లు నడుస్తుంది. ముసుగులు ఉంటాయి, పొయ్యి ఆరదు, గుమ్మం దగ్గరికి ఏ చేతిలో ఏమొచ్చినా లోపలికే వస్తుంది. ఉషగారిని ఆదివారం భోజనానికి పిలిచాం. నా ఫోన్ డబ్బాలోంచి తీశాను. దాని సంగతంతా తర్వాత. ఇప్పుడు టైము లేదు, నీకూ లేదు.

ఎందుకంటే ఈ కవరు నీ చేతికిచ్చినవాడు ఇంకా నీ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నువ్వు కవరు చింపుతుంటే నీ మొహంలోకి చూస్తున్నాడు. సూది జేబులో ఉంది, వేసుకోలేదు. కంచం కళ్ళబడ్డాకే వేసుకుంటానని నాకు మాటిచ్చాడు. విమానంలో ఒక ప్రెట్జెల్ ప్యాకెట్ ఇచ్చి ఉంటారు, అది ఏ మూలకి? ఏలీయా ఎడారిలో చెట్టు కింద పడి ఇక చాలు ప్రభువా అన్నప్పుడు, దూత వచ్చి లెక్కలడగలేదు. వేడి రొట్టె పెట్టి, లేచి తిను, నీ ప్రయాణం దూరం అన్నాడు. ఆ దూత పని ఇప్పుడు నీది.

రేపు చూద్దాం అనకు. ఈస్టరుకి మొదలుపెడతాననకు. ఈ కాగితం ఇక్కడే మడిచెయ్యి. ఆయన్ని లోపలికి పిలువు, నంబరు అడక్కు, ఎలా ఉన్నావని అడుగు. స్కేలు సొరుగులో పడెయ్యి. కుక్కర్ ఎక్కించు. తార హుడీ తొడుక్కుని, ముసుగు ముందుకు లాక్కుని, నీకూ వేడన్నమే పెట్టుకుని ఆయన పక్కన కూర్చో. ఇవాళే అక్కా. లే, ఇంకా చదువుతున్నావేంటి, ఆయన గుమ్మంలో ఉన్నాడు!

బర్నబాసు